బైపాస్ మన వీధి అయింది, సంఘం ఇంకా పాతపట్నంలోనే ఉంది



వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో రెండు అంశాలు విడివిడిగా పెట్టారు. ఆదివారం తెలుగు తరగతులకు పిల్లలు తగ్గిపోతున్నారు, ఏం చేద్దాం అన్నది ఒకటి. పెద్దవాళ్లు కార్యక్రమాలకు రావడం మానేస్తున్నారు, వ్యాన్ ఏమైనా పెడదామా అన్నది రెండోది. మా లెక్కలో ఇవి రెండు కావు, ఒక్కటే. ఆ ఒక్కటి పేరు చెన్నై బైపాస్. తాంబరం, పోరూరు, అంబత్తూరు, మాధవరం వైపు ఉంటున్న మేం కొందరం కూర్చుని మాట్లాడుకుని ఇది రాస్తున్నాం. కాస్త పొడుగైంది. ఓపిక పట్టి చివరిదాకా చదవండి, ఆ తర్వాత తిట్టినా సరే.

ముందు రోడ్డు సంగతి. మనలో చాలామంది రోజూ దాని మీద పోతున్నా, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పమంటే తడుముకుంటాం.

దక్షిణాన పెరుంగళత్తూరు దగ్గర జీఎస్టీ రోడ్డు నుంచి బైపాస్ మొదలవుతుంది. తాంబరానికి పడమటి వైపుగా వచ్చి, తిరునీర్మలై, అనకాపుత్తూరు ప్రాంతంలో అడయారు నది దాటుతుంది. పోరూరు చెరువు పక్కగా సాగి, వానగరం, మదురవాయల్ దగ్గర పూందమల్లి హైరోడ్డును కలుస్తుంది. అక్కడే కూవం దాటి నొళంబూరు మీదుగా అంబత్తూరు ఎస్టేటు పక్కకు వస్తుంది. తిరువళ్లూరు హైరోడ్డునూ అరక్కోణం రైలు పట్టాలనూ దాటి, సూరపట్టు మీదుగా పుళల్ దగ్గర జీఎన్‌టీ రోడ్డులో కలిసిపోతుంది. మొత్తం 32 కిలోమీటర్లు. పెరుంగళత్తూరు నుంచి మదురవాయల్ దాకా 19 కిలోమీటర్లు మొదటి దశ, అక్కడి నుంచి ఉత్తరానికి 13 కిలోమీటర్లు రెండో దశ. మొదటి దశ 2000ల తొలి ఏళ్లలో వాడుకలోకి వచ్చింది. రెండో దశ కట్టేటప్పుడే మొదటిదాన్నీ వెడల్పు చేశారు. 2010 నాటికి రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు కలిసింది.

ఈ రోడ్డు చేసే పని ఒక్క మాటలో చెప్పాలంటే, చెన్నై నుంచి బయటికి పోయే నాలుగు పెద్ద దారులను ఊరికి పడమట కలిపి కుట్టడం. దక్షిణానికి జీఎస్టీ రోడ్డు, బెంగళూరు వైపు పూందమల్లి రోడ్డు, తిరుత్తణి మీదుగా తిరుపతికి తిరువళ్లూరు రోడ్డు, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా నెల్లూరుకు జీఎన్‌టీ రోడ్డు. పాత అంకెల్లో చెప్తే జాతీయ రహదారి 45, 4, 205, 5. 2010లో అంకెలు మార్చినప్పుడు ఇవే 32, 48, 716, 16 అయ్యాయి. పాతవాళ్ల నోట ఇప్పటికీ పాత అంకెలే వస్తాయి.

ఈ నాలుగింటిలో రెండు నేరుగా మన సొంతూళ్లకు పోయే దారులు. పెళ్లికీ తద్దినానికీ, సంక్రాంతికీ కొండకూ మనవాళ్లు పోయేది తిరుపతి రోడ్డులోనో, నెల్లూరు రోడ్డులోనో. బైపాస్ ఉత్తరపు కొసన ఉన్న పుళల్ చెరువు కూడా మనకు పరాయిది కాదు. 1983లో ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం కండలేరు నుంచి కాలువ మీద పూండికి వచ్చే కృష్ణా నీళ్లు అక్కడి నుంచి పుళల్‌కు చేరి, ఈ నగరానికి తాగునీరు అవుతున్నాయి.

బైపాస్ లేనప్పుడు ఏం జరిగేదో పెద్దలకు గుర్తుంటుంది. ఈ దారులన్నీ పాతపట్నం నుంచి, హార్బర్ వైపు నుంచి చేతివేళ్లలా విడిపోయి ఉంటాయి. వేళ్ల కొసలను కలిపే దారి లేదు. నెల్లూరు వైపు నుంచి వచ్చిన లారీ బెంగళూరు పోవాలంటే ఊళ్లోకి వచ్చి తిరిగి బయటపడాలి. ఆ బరువు దించడానికి మొదట వేసింది మనం నూరడుగుల రోడ్డు అని పిలిచే జవహర్‌లాల్ నెహ్రూ రోడ్డు. కత్తిపారా, అశోక్ నగర్, వడపళని, కోయంబేడు, పాడి, రెట్టేరి మీదుగా మాధవరం వైపు సాగే లోపలి వలయం. అది కూడా ఊరి బయటి రోడ్డుగానే పుట్టింది. 1996లో జార్జ్‌టౌన్ కొత్వాల్ చావిడి నుంచి కూరగాయల మార్కెట్టును కోయంబేడుకు తెచ్చారు. 2002లో దూరప్రయాణాల బస్సులను బ్రాడ్‌వే నుంచి కోయంబేడుకే తెచ్చారు. ఇక దాన్ని బయటి రోడ్డు అనే ధైర్యం ఎవరికుంది? ఈరోజు వడపళని సిగ్నల్ దగ్గర నిలబడి ఇది ఒకప్పుడు ఊరి బయట అంటే మన పిల్లలు నవ్వుతారు.

అందుకని ఇంకో బయటి రోడ్డు కావలసి వచ్చింది. స్వర్ణ చతుర్భుజి పథకంలో కోల్‌కతా నుంచి వచ్చే చేయి, ముంబై వైపు పోయే చేయి చెన్నైలోనే కలవాలి. ఆ రెండు చేతులను కలిపే ముడి చెన్నై బైపాస్. అది ప్లాన్ చేసేనాటికి అంబత్తూరు వేరే మున్సిపాలిటీ, మాధవరం వేరే మున్సిపాలిటీ. పోరూరు, మదురవాయల్ కూడా కార్పొరేషన్‌కు బయటే. తర్వాత 2011 అక్టోబరులో చెన్నై కార్పొరేషన్ హద్దులు జరిపారు. 174 చదరపు కిలోమీటర్లుగా ఉన్న ఊరు ఒక్కసారిగా 426 అయింది, 155 వార్డులు 200 అయ్యాయి, చుట్టుపక్కల 42 స్థానిక సంస్థలు కలిసిపోయాయి. రోడ్డు పూర్తయిన ఏడాదీ రెండేళ్లలోనే అది ఊరి రోడ్డు అయిపోయింది. రోడ్డు అక్కడే ఉంది, ఊరే నడిచి దాన్ని దాటిపోయింది. దక్షిణపు కొసన తాంబరం కూడా 2021లో సొంతంగా కార్పొరేషన్ అయింది.

కథ అక్కడా ఆగలేదు. బైపాస్‌కు బయట వండలూరు నుంచి నెమిలిచ్చేరి మీదుగా మీంజూరు దాకా 62 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2014లో మొదటి భాగం, 2021లో రెండో భాగం తెరిచారు. దానికీ బయట, ఎన్నూరు రేవు వైపు నుంచి తచ్చూరు, తిరువళ్లూరు, శ్రీపెరుంబుదూరు, సింగపెరుమాళ్ కోయిల్ మీదుగా మామల్లపురం వైపు దాదాపు 133 కిలోమీటర్ల పెరిఫెరల్ రింగ్ రోడ్డు పనులు ఐదు భాగాలుగా మొదలుపెట్టారు. చిత్తూరు నుంచి తచ్చూరుకు వచ్చే కొత్త ఆరు వరసల రహదారి కూడా ఆ వైపే చేరుతుంది. అంటే ఇవాళ మనం ఊరు కాదనుకుంటున్న చోట్లలో మన మనవలు అపార్ట్‌మెంట్లు కొంటారు. ఇందులో అనుమానం ఏమీ లేదు. నూరడుగుల రోడ్డు చెప్పింది అదే, బైపాస్ చెప్పింది అదే.

ఇక మన సంగతికి వద్దాం.

మన సంఘం పుట్టినప్పుడు సభ్యుల ఇళ్లు ఎక్కడ ఉండేవి? పార్క్‌టౌన్, షావుకారుపేట, చూళై, పెరంబూరు, వాషర్‌మెన్‌పేట, ఇటు త్యాగరాయనగర్, సినిమా పనిలో ఉన్నవాళ్లు వడపళని, కోడంబాక్కం. సగంమంది నడిచి వచ్చేవాళ్లు, మిగతా సగం ఒక్క బస్సెక్కితే చాలు. హాలు మధ్యలో ఉండడం అప్పటి లెక్కకు సరిగ్గా సరిపోయింది. పెద్దలు పైసా పైసా పోగుచేసి కట్టిన హాలు అది. దాని మీద మాకు ఉన్న గౌరవం ఎవరికీ తీసిపోదు.

తర్వాత ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి. పాత ఇళ్లు అన్నదమ్ముల మధ్య పంచుకోలేక అమ్మేశారు. అద్దెలు పెరిగాయి. పిల్లలకు అంబత్తూరు ఎస్టేటులోనో, పోరూరు ఐటీ కంపెనీల్లోనో, శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీల్లోనో ఉద్యోగాలు వచ్చాయి. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు జిల్లాల నుంచి కొత్తగా వచ్చినవాళ్లు పాతపట్నం మొహమే చూడలేదు, నేరుగా ఇక్కడే దిగారు. మన వాట్సాప్ గ్రూపులో ఎవరు ఎక్కడుంటారో ఒకసారి చూడండి. కొరట్టూరు, అంబత్తూరు, నొళంబూరు, వానగరం, అయ్యప్పన్‌తాంగల్, కుండ్రత్తూరు, ముడిచ్చూరు, పుళల్, మాధవరం. ఆ పేర్లన్నీ ఒక దండలా గుచ్చితే మధ్యలో పోయే దారం బైపాసే.

బస్సులు కూడా మన వెనకే వచ్చాయి. ఆంధ్రా వైపు పోయే బస్సుల కోసం మాధవరంలో బస్‌స్టాండు 2018లో తెరిచారు. దక్షిణ జిల్లాల బస్సులకు వండలూరు పక్కన కిళాంబాక్కం బస్‌స్టాండు 2023 చివరలో తెరిచారు. నెల్లూరు నుంచి దిగి మదురై పోవలసినవాళ్లు ఇప్పుడు ఊరి మధ్యకు రానే అక్కర్లేదు, మాధవరంలో దిగి బైపాస్ పట్టుకుంటే కిళాంబాక్కం. ప్రభుత్వానికి, బస్సులవాళ్లకు, చివరికి పూలకొట్లవాళ్లకు కూడా ఈ మార్పు అర్థమైంది. మన సంఘానికే ఇంకా అర్థం కాలేదు.

పుళల్ నుంచి ఏడేళ్ల పిల్లను ఆదివారం తొమ్మిది గంటలకు ఊరి మధ్య హాలుకు తేవాలంటే తల్లిదండ్రుల్లో ఒకరి పూట మొత్తం పోతుంది. గంటన్నర తరగతికి మూడు గంటల ప్రయాణం. మొదటి నెల తెస్తారు, రెండో నెల వర్షం అంటారు, మూడో నెల పరీక్షలంటారు. పిల్లలకు తెలుగు మీద శ్రద్ధ లేదని, తల్లిదండ్రులకు ఇంగ్లీషు పిచ్చి అని వేదిక మీద ప్రతి ఏడూ మనం ఉపన్యాసం చెప్తాం. రాగలిగే దూరంలో తరగతి పెట్టకుండా శ్రద్ధ లేదనడం న్యాయం కాదు. బడిలో తెలుగు చదువుకునే అవకాశం ఎంత సన్నబడిందో అందరికీ తెలుసు. 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత తెలుగు చదివే పిల్లలు పదో తరగతి పరీక్ష కోసం కోర్టుల దాకా పోవలసి వచ్చింది. ఉన్న తెలుగు బడులు కూడా ఎక్కువగా పాత పేటల్లోనే ఉన్నాయి. బైపాస్ పక్కన పెరిగే పిల్లకు ఇంట్లో అమ్మమ్మ మాట తప్ప, మన ఆదివారం తరగతి తప్ప ఇంకో దిక్కు లేదు. ఆ తరగతి ఆమెకు అందకపోతే ఆ ఇంట్లో తెలుగు చదవడం, రాయడం ఆ తరంతో ఆగిపోతుంది. అందుకే ఇది రోడ్డు విషయం అని పక్కన పెట్టలేం.

పెద్దవాళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. అది దూరం వల్ల వచ్చింది కాదు, ఆ రోడ్డు కట్టిన తీరు వల్ల వచ్చింది.

బైపాస్ లారీల కోసం కట్టిన రోడ్డు. చాలా చోట్ల ఎత్తుగా కట్ట మీద పోతుంది. ఇటువైపు వాళ్లు అటువైపు పోవాలంటే ఎక్కడో ఉన్న కింది దారిలో దూరిపోవాలి. పక్కన సర్వీస్ రోడ్డు కొంత దూరం ఉంటుంది, చెరువో పట్టాలో నదో అడ్డం వస్తే తెగిపోతుంది. తెగిన చోట ఎదురు దిశలో బండి నడిపేవాళ్లను చూస్తూనే ఉన్నాం. వాళ్లందరూ చట్టం తెలియనివాళ్లు కారు. సరైన దారిలో పోతే రెండు మూడు కిలోమీటర్లు చుట్టు తిరగాలి గనుక సాహసం చేస్తున్నారు. వర్షాకాలంలో కింది దారుల్లో నీళ్లు నిలుస్తాయి. రాత్రిపూట దీపాలు వెలగని మేర ఎంత ఉందో అటు వైపు ఉండేవాళ్లను అడగండి. డెబ్బై ఏళ్ల మనిషి ఈ రోడ్డుకు ఒక పక్కన ఉండి, బస్టాపు రెండో పక్కన ఉంటే, ఆయన ఇంట్లోనే ఉండిపోతాడు. భజనకు రాడు, పంచాంగ శ్రవణానికి రాడు. సంఘం మీద కోపంతో కాదు, రోడ్డు దాటలేక.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. చెన్నైలో నీళ్లు పడమటి నుంచి తూర్పుకు, సముద్రానికి పారతాయి. బైపాస్ దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. అంటే ప్రతి వాగుకూ, ప్రతి చెరువు అలుగుకూ ఇది అడ్డంగా పడుకుని ఉంటుంది. కింద తూములు ఎంత వెడల్పు ఉంటే అంతే నీళ్లు పోతాయి. 2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు ముడిచ్చూరు, పడమటి తాంబరం ఇళ్లలో మన సభ్యులు ఏం పడ్డారో వేరే చెప్పనక్కర్లేదు. ఆ వరదకు కారణాలు ఎన్నో ఉన్నాయి, ఒక్క రోడ్డు మీద నెట్టేయడం సరికాదు. కానీ ఏటా అక్టోబరుకు ముందు తూముల్లో పూడిక తీశారా లేదా అని అడగడం పక్కన బతికేవాళ్ల హక్కు. ఇళ్లు కొనేటప్పుడు దేవుడి గది ఏ మూల ఉందో చూస్తాం, చెరువు అలుగు ఏ మూలకు పోతుందో కూడా చూడాలి.

టోల్‌గేటు మాట ఎత్తకుండా ఈ రోడ్డు గురించి రాయలేం. వానగరం, సూరపట్టు దగ్గర రెండు వసూలు కేంద్రాలు ఉన్నాయి. 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనలు మున్సిపల్ హద్దుకు 10 కిలోమీటర్ల లోపల టోల్ ప్లాజా పెట్టకూడదని చెప్తాయి. బైపాస్ లాంటివి ప్రధానంగా ఆ ఊరివాళ్ల వాడకానికే కట్టినవైతే మినహాయింపు అని కూడా అదే నిబంధన చెప్తుంది. 2021 సెప్టెంబరులో రాష్ట్ర రహదారుల మంత్రి ఇ.వి. వేలు శాసనసభలో చెన్నై చుట్టుపక్కల ఐదు టోల్ ప్లాజాలను తీసేయించే ప్రయత్నం చేస్తామన్నారు. అందులో ఈ రెండూ ఉన్నాయి. ఆ మాట అన్న తర్వాత కూడా ఏళ్ల తరబడి వసూలు సాగింది.

మా మాట ఏమిటంటే, దీన్ని దూరప్రయాణాల రహదారి అనాలి, లేదా ఊరి రోడ్డు అనాలి. దూరప్రయాణాల రహదారి అయితే ఊళ్లోపల టోల్‌గేటు ఎందుకు? ఊరివాళ్ల కోసం కట్టిన రోడ్డే అయితే ఊరివాళ్లకు కావలసిన నడకదారి, బస్టాపు, దీపం, దాటే వంతెన ఎక్కడ? డబ్బు తీసుకునేటప్పుడు ఊరి రోడ్డు, వసతి అడిగినప్పుడు జాతీయ రహదారి అంటే ఎలా? టోల్ కట్టకుండా పోదామని మేం అనడం లేదు. ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు ఉండే సొంత వాహనాలవాళ్లకు నెల పాస్ అనే ఏర్పాటు నిబంధనల్లో ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు 200 ప్రయాణాల వార్షిక పాస్ కూడా వచ్చింది, అప్పట్లో దాని ధర 3,000 రూపాయలు. వీటిలో ఏది ఎవరికి గిట్టుబాటు అవుతుందో లెక్కవేసి సభ్యులకు చెప్పగలిగినవాళ్లు మనలోనే ఉన్నారు, రిటైరైన ఆడిటర్లే నలుగురు. ఆ పని సంఘం చేస్తే ఒక కచేరీ పెట్టినంత పుణ్యం.

ఇప్పుడు మా ప్రతిపాదన.

బైపాస్ నాలుగు పాత దారులను నాలుగు చోట్ల కలుస్తుంది. ఆ నాలుగు చోట్లనే మన నాలుగు కేంద్రాలు చేద్దాం. పెరుంగళత్తూరు, తాంబరం వైపు ఒకటి. మదురవాయల్, పోరూరు వైపు ఒకటి. అంబత్తూరు, కొరట్టూరు వైపు ఒకటి. పుళల్, మాధవరం వైపు ఒకటి. ప్రతి చోటా ఆదివారం ఒక పూట తెలుగు తరగతి, నెలకు ఒకసారి పెద్దల కూటమి. కొత్త కట్టడాలు వద్దు, కొత్త చందాలు వద్దు. అపార్ట్‌మెంట్ల కమ్యూనిటీ హాళ్లున్నాయి, ఆదివారం ఖాళీగా ఉండే ప్రైవేటు బడుల గదులున్నాయి, కల్యాణమండపాల కింది అంతస్తులున్నాయి. చోటు ఎంచేటప్పుడు ఒకటే నియమం: బస్సు దిగిన మనిషి రోడ్డు అడ్డంగా దాటనవసరం లేకుండా నడిచి రాగలగాలి. ఉగాది, వార్షికోత్సవం మాత్రం పాత హాల్లోనే. ఏడాదికి రెండుసార్లు అందరం అక్కడికే పోదాం, ఆ రెండుసార్లకు వ్యాను పెడదాం. అప్పుడు వ్యాను ఖర్చుకు ఒక అర్థం ఉంటుంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు మాకు ముందే చెవిన పడ్డాయి. ఒక్కొక్కటికి జవాబు చెప్తాం.

కార్యక్రమాలు బయటికి పోతే హాలు పాడుబడిపోతుందని పెద్దలు భయపడుతున్నారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఇప్పుడు ఆ హాల్లో వారానికి ఎన్ని గంటలు దీపం వెలుగుతోంది? చుట్టుపక్కల పేటల్లో ఇంకా ఉన్న మన కుటుంబాలకు, ముఖ్యంగా అద్దె తక్కువని అక్కడే ఉండిపోయినవాళ్లకు, ఆ హాలు ఐదో కేంద్రంగా పని చేయాలి. గ్రంథాలయం రోజూ సాయంత్రం తెరవాలి. రాని పిల్లల కోసం ఎదురుచూసే హాలు కంటే పక్క వీధి పిల్లలు కూర్చుని చదువుకునే హాలు మేలు.

నాలుగు ముక్కలైతే నాలుగు సంఘాలవుతాయి, మనవాళ్ల సంగతి తెలియదా అని ఇంకొందరు అంటున్నారు. తెలుసు. అందుకే లెక్కలు ఒకటే, సభ్యత్వం ఒకటే, కార్యవర్గం ఒకటే ఉండాలంటున్నాం. కేంద్రానికి ఇద్దరు బాధ్యులు, రెండేళ్లకోసారి మార్పు. వాళ్లకు చెక్కు మీద సంతకం చేసే అధికారం ఉండదు, బోర్డు మీద పేరు ఉండదు. పేరు, డబ్బు రెండూ లేని పదవి కోసం ఎవరూ చీలిపోరు.

సాంస్కృతిక సంఘానికి టోల్‌గేట్లు, సర్వీస్ రోడ్లు ఎందుకయ్యా అన్నవాళ్లు కూడా ఉన్నారు. సంస్కృతి గాల్లో ఉండదు. పిల్ల తరగతికి చేరాలి, ముసలామె హరికథకు చేరాలి. చేరే దారి గురించి మాట్లాడకుండా సంస్కృతి గురించి మాట్లాడితే అది సావనీరులో వ్యాసం అవుతుంది, అంతే. ఇంకో మాట. రోడ్డు దాటే వంతెన అడిగేటప్పుడు మనం ఒక్కరమే అడగం. పక్కింటి తమిళ కుటుంబం, ఎదురింటి మలయాళీ కుటుంబం, ఎస్టేటులో పనిచేసే ఒడియా, బీహార్ కుర్రాళ్లు అందరికీ అదే వంతెన కావాలి. మనం తయారుచేసిన అర్జీ మీద వాళ్లందరూ సంతకం పెడతారు. మూడు నాలుగు వందల ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నామని, ఊరి పేరులోనే దామెర్ల చెన్నప్ప ఉన్నాడని చెప్పుకుంటాం కదా. ఆ ఊరి కష్టానికి ముందు నిలబడితేనే ఆ మాటకు విలువ.

అర్జీలో ఏం అడగాలో కూడా రాసిపెట్టుకున్నాం. సర్వీస్ రోడ్డు ఎక్కడెక్కడ తెగిందో చోటు చోటుగా గుర్తించి కలపాలి. బస్టాపు ఉన్న ప్రతి కూడలి దగ్గర నడిచేవాళ్లు దాటడానికి మెట్లతో పాటు వాలుదారి కూడా ఉండాలి, లేకపోతే మోకాళ్ల నొప్పులవాళ్లకు అది ఉన్నా లేనట్టే. కింది దారుల్లో మోటారు పెట్టి నీళ్లు తోడే ఏర్పాటు, దీపాలు ఎవరి బాధ్యతో బోర్డు మీద రాయాలి. జాతీయ రహదారి సంస్థను అడిగితే కార్పొరేషన్ అంటారు, కార్పొరేషన్‌ను అడిగితే జాతీయ రహదారి అంటారు. మధ్యలో బల్బు వెలగదు. తూముల పూడిక తీసే తేదీలు వార్డు ఆఫీసులో అంటించాలి. మాధవరం నుంచి కిళాంబాక్కం దాకా బైపాస్ మీద పోయే సిటీ బస్సులు ఆదివారం కూడా తగినన్ని నడవాలి. ఐదే కోరికలు. ఒక్కటి కూడా గొంతెమ్మ కోరిక కాదు.

ఇప్పుడే ఎందుకు అంటే, ఇంకో అవకాశం ముందుంది గనుక. మదురవాయల్ నుంచి హార్బర్ దాకా పైరోడ్డుకు 2009లో శంకుస్థాపన చేశారు, 2012లో పని ఆగింది, కూవం పొడుగునా స్తంభాలు ఏళ్ల తరబడి అలాగే నిలబడ్డాయి. 2022లో రెండంతస్తుల రోడ్డుగా మళ్లీ శంకుస్థాపన జరిగింది. లైట్‌హౌస్ నుంచి పూందమల్లి దాకా మెట్రో పోరూరు మీదుగా పోతోంది. ఈ పనుల వల్ల మదురవాయల్, పోరూరు కూడళ్ల రూపే మారిపోతుంది. నడిచేవాళ్ల దారి గురించి గీత గీసేటప్పుడే అడగాలి. కాంక్రీటు గట్టిపడ్డాక అడిగితే వినతిపత్రం దండగ. ఔటర్ రింగ్ రోడ్డుకు 122 మీటర్ల వెడల్పున భూమి తీసుకుని, ముందుముందు అవసరాలకు పనికొస్తుందని అందులో కొంత విడిచిపెట్టారు. ముందుచూపుతో జాగా వదలడం మన ప్రభుత్వాలకు చేతకానిది కాదు. అడిగేవాళ్లు ముందుగా అడగాలి.

సమావేశానికి ముందు సభ్యులందరూ రెండు పనులు చేయండి. ఒకటి, ఈ పోస్టు కింద మీ పేటా, పిన్‌కోడూ, ఇంట్లో ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లలు ఎందరు, అరవై దాటినవాళ్లు ఎందరు అన్నదీ రాయండి. ఇంటి నంబరు, ఫోను నంబరు వద్దు. రెండోది, మీ ఇంటి నుంచి దగ్గరి బస్టాపుకు ఒకసారి నడిచి చూడండి. బండి మీద కాదు, నడిచి. వీలైతే అమ్మనో అత్తగారినో వెంట తీసుకెళ్లండి. ఎక్కడ ఆగవలసి వచ్చిందో, ఎక్కడ భయమేసిందో రాయండి. ఆ రెండు జాబితాలూ పక్కపక్కన పెడితే తరగతులు ఎక్కడ పెట్టాలో, అర్జీలో ఏ చోటు ముందు రాయాలో మనకే తెలుస్తుంది. అజెండాలోని ఆ రెండు అంశాలను కలిపి ఒకటిగా చర్చకు తీసుకోవాలని కార్యదర్శిగారిని కోరుతున్నాం.

వద్దనేవాళ్లు కూడా రాయండి. ఎందుకు వద్దో రాయండి. మీ పేట పేరు మాత్రం మరిచిపోకండి.